బర్మింగ్‌హామ్ ఎన్‌ఫీల్డ్‌కు కొత్త టంబ్లర్: చేసి ఇచ్చిన మెషిన్ షాపు పనితనం

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీలో లోపలి భాగం ఒకటి విరిగితే, మరో ఎన్‌ఫీల్డ్ నుంచి తీసిన భాగం దాని స్థానంలో చాలాసార్లు కూర్చోదు. లండన్‌కు ఉత్తరాన ఎన్‌ఫీల్డ్‌లో ఉన్న ప్రభుత్వ కర్మాగారం, వెర్మాంట్ రాష్ట్రంలోని రాబిన్స్ అండ్ లారెన్స్ వంటి అమెరికన్ సంస్థల నుంచి యంత్రాలు తెప్పించుకుని, 1850ల చివరి నుంచి చేసిన తుపాకీల భాగాలు ఒకదానిలోవి మరొకదానికి సరిపోతాయి. అదే నమూనాను బర్మింగ్‌హామ్‌లోని చిన్న చిన్న కార్ఖానాల పనివారు ఆకురాయి పట్టి చేత్తో తీర్చారు కాబట్టి, అక్కడి ప్రతి లాకూ (తుపాకీని పేల్చే యంత్రాంగం) దేనికది ప్రత్యేకం. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ తెప్పించుకున్న ఎన్‌ఫీల్డ్‌లలో అధిక భాగం ఈ రెండో రకానివే. పెన్సిల్వేనియాలో ఉంటున్న నా దగ్గరున్నదీ అదే.

నా తుపాకీలో దెబ్బతిన్నది టంబ్లర్. లాకు ప్లేటు లోపలివైపు తిరిగే చిన్న ఉక్కు ముక్క అది. దాని అంచున రెండు గంట్లు ఉంటాయి: హామర్ (పేల్చేటప్పుడు దెబ్బ కొట్టే సుత్తి) సగం లేచి ఆగడానికి ఒకటి, పూర్తిగా లేచి నిలవడానికి మరొకటి. ప్లేటు బయటికి పొడుచుకొచ్చే నాలుగు పలకల కొసకు హామర్ బిగుస్తుంది. లోపల చిన్న కొండీ ద్వారా మెయిన్ స్ప్రింగ్ దాన్ని లాగుతూ ఉంటుంది. సగం లేచి ఆగవలసిన గంటు పెదవి ఎప్పుడో విరిగితే, దానిపై ఎవరో వెల్డింగ్ పోసి రుద్దేశారు. ఆ స్థితిలో హామర్‌ను నమ్మడం ప్రమాదకరం. ఆధునిక నకళ్ల కోసం తయారైన టంబ్లర్లు దొరుకుతాయి గానీ, నేను తెప్పించినది ప్లేటు రంధ్రంలో వదులుగా ఊగింది.

నేను ఎంచుకున్నది ఇద్దరే పనిచేసే షాపు. టంబ్లర్ ఒక్కటే పంపుతానంటే వారు ఒప్పుకోలేదు. హామర్, బ్రిడిల్ (టంబ్లర్‌ను లోపలివైపు నుంచి పట్టి ఉంచే పలక), సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా టంబ్లర్ గంటులో ఆని దాన్ని ఆపే కొక్కెం), స్ప్రింగులు సహా లాకు మొత్తం, దానితోపాటు నిపిల్ (మందు క్యాప్ తొడిగే చిన్న గొట్టం, హామర్ దెబ్బ పడేది దీనిమీదే) అమర్చిన బారెల్ కూడా కావాలన్నారు. మొదట అనవసరమైన పట్టుదల అనిపించినా, పని చూశాక వారి మాటలో న్యాయం బోధపడింది. విరిగి అరిగిన ముక్కను కొలిచి అదే కొలతతో కొత్తది కోస్తే, ఆ అరుగుదల కూడా కొత్తదానిలోకి దిగుతుంది. అందుకే ఆ మెషినిస్టు బ్రిడిల్ కింద రాపిడికి గురికాకుండా మిగిలిన ఇరుసు భాగాన్ని మైక్రోమీటరుతో కొలిచి అసలు వ్యాసాన్ని నిర్ణయించారు. గంట్ల స్థానాలను మాత్రం పాత ముక్కను బట్టి కాక, సియర్ ముక్కు తిరిగే వంపును బట్టి గీసుకున్నారు. ఈ సేవలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ఈ నిర్ణయశక్తినే. లేత్, మిల్లింగ్ యంత్రాలు ఎన్నో షాపుల్లో ఉన్నాయి.

కొత్త టంబ్లర్‌ను 8620 రకం ఉక్కుతో చేశారు. నాలుగు పలకల కొసను కావాలనే కొద్దిగా లావుగా వదిలి, హామర్‌ను తొడిగి చూస్తూ ఆకురాయితో తగ్గించుకుంటూ వచ్చారు. ఈ చోట తొందర పనికిరాదు. పలకలు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా, టంబ్లర్ లోపల ముందే ఆగిపోయి, రెండంగుళాల దూరంలో ఉన్న హామర్ ముక్కు నిపిల్‌ను తాకకుండా దాదాపు ఒక మిల్లీమీటరు పైనే నిలిచిపోవచ్చు. బారెల్ ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థమైంది. ఉక్కు మెత్తగా ఉండగానే లాకంతా బిగించి, నీలిరంగు పూసి, ఎక్కడ ఒరుసుకుంటున్నదో చూసి సరిచేసి, ఆ తరువాతే కేస్ హార్డెనింగ్ (ఉక్కు పై పొరను మాత్రం గట్టిపరచడం) చేశారు. ఇప్పుడు హామర్‌ను వెనక్కి లాగితే రెండు గంట్లూ విడివిడిగా, స్పష్టంగా పలుకుతాయి. సగం ఎత్తులో ఉన్నప్పుడు ట్రిగ్గర్ గట్టిగా నొక్కినా హామర్ కదలదు.

లాకును కర్రకు బిగించే రెండు పొడవాటి స్క్రూలలో ఒకటి కూడా వీరి చేతే చేయించాను. ఇంగ్లండ్ ఇంజనీరు విట్‌వర్త్ 1841లోనే 55 డిగ్రీల మర ప్రమాణాన్ని ప్రతిపాదించినా, తుపాకీ పనివారు చాలాకాలం తమ సొంత ట్యాపులనే (మర కోసే పనిముట్లనే) నమ్ముకున్నారు కాబట్టి, ఆ మరను లేత్ మీద ప్రత్యేకంగా కోయవలసి వచ్చింది. మర చక్కగా కుదిరింది గానీ, స్క్రూ తలపై గాడిని నేటి పద్ధతిలో వెడల్పుగా కోశారు. పాత బ్రిటిష్ స్క్రూల గాడి సన్నగా ఉంటుంది. పక్కపక్కన ఉన్న రెండు తలల్లో ఒకటి కొత్తదని దూరం నుంచే తెలిసిపోయింది. చెప్పగానే అదనపు రుసుము లేకుండా మళ్ళీ చేసి ఇచ్చారు.

నా అసలు అసంతృప్తి వేరు. చెప్పిన గడువు దాటిపోయింది. మధ్యలో ఫోను చేస్తే సమాధానం రాలేదు. వస్తువు వారి దగ్గర, ఆందోళన మన దగ్గర ఉన్నప్పుడు నాలుగు మాటలు రాసి పంపడం కష్టమేమీ కాదు. గంటల లెక్కన వసూలు చేస్తారు కనుక మొత్తం ఖర్చు తుపాకీ కొన్న ధరలో నాలుగో వంతుకు చేరింది. టంబ్లర్‌కు అది తగిన ధర అనే నా అభిప్రాయం. స్క్రూకు మాత్రం ఎక్కువ.

కొత్త టంబ్లర్ లోపలి ముఖంపై చిన్న గుర్తు కొట్టి, పాత ముక్కను సంచిలో వేసి తిరిగి ఇచ్చారు. రేపు ఈ తుపాకీ మరొకరి చేతికి వెళితే, ఏది అసలుదో ఏది నకలో వారికి తెలియాలి. ఈ గుర్తు కొట్టని షాపుకు నేను పని ఇవ్వను.

అమెరికా ఫెడరల్ చట్టం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీలను పురాతన వస్తువులుగా పరిగణిస్తుంది కాబట్టి ఇక్కడ ఈ పని సులువైంది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీ భాగాలను కూడా ఆయుధాల కిందే లెక్కిస్తుంది, వాటి తయారీకి లైసెన్సు తప్పనిసరి. తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉన్నవారు దాన్ని దగ్గరలోని లేత్ షాపుకు తీసుకువెళ్లకూడదు. ముందు లైసెన్సు అధికారిని సంప్రదించాలి.

లాకు భాగాలకు నేను ఈ షాపునే సిఫారసు చేస్తాను. పంపే ముందు గడువును రాతపూర్వకంగా తీసుకోండి, స్క్రూ గాడి వెడల్పును అంకెల్లో రాసి ఇవ్వండి.