కచేరీల సీడీ-ఆర్‌లు: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

కర్ణాటక సంగీత కచేరీల రికార్డింగులను సీడీ-ఆర్‌ల (మనమే రాసుకోగల ఖాళీ సీడీల) మీదికి ఎక్కించి తోటి రసికులతో మార్చుకోవడం నాకు చాలా కాలంగా ఉన్న అలవాటు. ఇప్పుడు హార్డ్‌డిస్కులు కూడా వాడుతున్నాను గానీ సీడీ మీద నమ్మకం పోలేదు. శ్రద్ధగా తయారుచేసినవి నా బీరువాలో నేటికీ తడబడకుండా పలుకుతున్నాయి. మూలపడ్డవాటిలో చాలావరకు తయారుచేసిన తీరు వల్లే పాడయ్యాయి.

బర్న్ చేసేటప్పుడు, అంటే సీడీ మీద రాసేటప్పుడు, మొత్తాన్ని ఆపకుండా ఒకే విడతలో రాసే ‘డిస్క్ ఎట్ వన్స్’ పద్ధతినే ఎంచుకోవాలి. ఒక్కో ట్రాకును విడిగా రాసే ‘ట్రాక్ ఎట్ వన్స్’ పెడితే ట్రాకుల మధ్య సాధారణంగా రెండు సెకన్ల నిశ్శబ్దం పడుతుంది. విడివిడి పాటలకైతే ఫరవాలేదు. కచేరీకి అది ప్రాణాంతకం. నాకు వచ్చిన ఒక సీడీలో స్వరకల్పన ముక్తాయింపు పూర్తయి పల్లవి అందుకోవలసిన చోటే ట్రాకు మారింది. తాళం వేస్తున్న చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ఆ ఆవృతం మళ్లీ అతకదు.

ట్రాకులు కోయడంలోనూ ఒక కిటుకు ఉంది. సీడీ మీద శబ్దం సెకనుకు 75 ఫ్రేములుగా ఉంటుంది, ఒక్కో ఫ్రేములో 588 శాంపిళ్లు (శబ్దపు కొలతలు). కోత సరిగ్గా ఫ్రేము హద్దు మీద పడకపోతే మిగిలిన జాగా నిశ్శబ్దంతో నిండి, ట్రాకు మారేటప్పుడు ‘టిక్’మంటుంది. వెనక తంబూరా నాదం ఎడతెగకుండా సాగుతుంటుంది కాబట్టి మన సంగీతంలో ఆ చప్పుడు ఇట్టే పట్టుబడుతుంది. కత్తిరించే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేము హద్దుకు సర్దే సదుపాయం ఉంటే దాన్ని తప్పక వాడండి. పాత క్యాసెట్ నుంచి ఎక్కిస్తుంటే డెక్ వేగం కూడా సరిచూడాలి. శ్రుతి అర స్వరం పెరిగినా విద్వాంసుడి గొంతు మరెవరిదో అనిపిస్తుంది.

ఫైలు చిన్నది చేయడానికి కొంత నాదాన్ని వదిలేసే ఎంపీత్రీని మళ్లీ ఆడియో సీడీగా మార్చి పంపడాన్ని మాత్రం నేను క్షమించలేను. పోయిన నాదం తిరిగి రాదు. పైగా అందుకున్నవారు అదే అసలు ప్రతి అనుకుని మరో పదిమందికి పంచుతారు. సీడీ నుంచి కాపీ తీయడానికి ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ అనే సాఫ్ట్‌వేర్‌ను, మళ్లీ చదివి సరిచూసే సెక్యూర్ మోడ్‌లో వాడుతున్నాను. నిదానమే, కానీ చదవడంలో తప్పు దొర్లితే దాదాపు ఎప్పుడూ చెబుతుంది. దాచుకోవడానికి నాదమేమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లు, వాటితో పాటు ఫైలు మారితే పట్టిచ్చే ఎండీ5 సంఖ్యలు ఉంచుకుంటే చాలు.

ఖాళీ సీడీల్లో జపాన్ సంస్థ తైయో యుడెన్ తయారీవి నాకు బాగా నిలిచాయి. ఆ సంస్థ 2015లో ఈ వ్యాపారం నుంచి తప్పుకోవడం నిజంగా లోటు. ఏ సీడీ అయినా కాగితపు స్టిక్కర్ అంటించకండి. వెలుగును తిప్పికొట్టే పొర పేరు రాసే వైపునే, పలుచటి లక్క పూత కింద ఉంటుంది. ఆ వైపు గీత పడితే పాట పోయినట్టే. మెత్తటి మొన ఉన్న, నీటి సిరా పెన్నుతో మధ్యలోని పారదర్శకమైన వలయం మీద గుర్తు రాస్తే క్షేమం.

సీడీతో పాటు ఒక చీటీ తప్పక ఉండాలి: గాత్రం ఎవరు, పక్కవాద్యాలు ఎవరు, ఏ సభ, ఏ తేదీ, మైకు నుంచి తీసిందా రేడియో ప్రసారమా, ఎన్నో తరం కాపీ (కాపీకి కాపీ అయితే ఎన్నోది). చీటీ లేని రికార్డింగు ఎంత గొప్పదైనా నేను ముందుకు పంపను.

ఇక డబ్బు ప్రసక్తి ఉండకూడదు. ఖాళీ సీడీలు, తపాలా ఖర్చు పంపితే కాపీ చేసిపెట్టే మర్యాద ఒకప్పుడు అమెరికా రికార్డింగు అభిమానుల్లో బాగా పాతుకుపోయి ఉండేది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బృందం 1984లో రికార్డు చేసుకునేవారికి కచేరీల్లో ప్రత్యేక స్థలమే కేటాయించింది. మన దగ్గర కళాకారులను అడగాలి. 1994 సవరణతో మన కాపీరైటు చట్టంలో ప్రదర్శకులకు హక్కులు వచ్చాయి. సొంతానికి రికార్డు చేసుకోవడానికి మినహాయింపు ఉన్నా, పంచడం వేరే సంగతి. కచేరీ అయ్యాక అనుమతి అడిగి, మొదటి ప్రతి వారికే ఇస్తాను. వద్దన్నవారిది ఎవరికీ పంపను. మార్కెట్లో విడుదలైన కచేరీ ఎవరైనా అడిగితే కొనుక్కోమనే చెబుతాను.