క్రీమ్ చీజా, గట్టి పెరుగా?

పొయ్యి వెలిగించకుండా బీన్స్ (రాజ్మా లాంటి గింజలు), మొక్కజొన్నతో డిప్ (చిప్స్ ముంచుకు తినే చిక్కటి మిశ్రమం) చేసేటప్పుడు తేల్చుకోవాల్సింది ఇదే. క్రీమ్ చీజ్ చిక్కగా పట్టి ఉంటుంది, చిప్స్ ముంచితే జారదు. అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయకపోతే మాత్రం ఉండలు కడుతుంది.

వడకట్టిన పెరుగు ఇట్టే కలిసిపోతుంది. పులుపు అందులోనే ఉంది కాబట్టి నిమ్మరసం తగ్గించొచ్చు. కానీ ఉప్పు తగిలాక నీరు వదులుతుంది. అందుకే డబ్బాలోని ఉడికిన బీన్స్‌ను, మొక్కజొన్న గింజలను కడిగి, బట్టమీద తడి ఆర్చి, ఉప్పు మాత్రం సరిగ్గా వడ్డించబోయేటప్పుడే కలపాలి.

పదిమంది చేరే చోట నా ఓటు క్రీమ్ చీజ్‌కే, రెండు చెంచాల పెరుగు తోడు చేసి. గుప్పెడు బీన్స్ మెదిపి వేస్తే రుచి ఇంకా నిండుగా ఉంటుంది. ఏది చేసినా 2 గంటలకు మించి బయట ఉంచొద్దు.