పద్దెనిమిదేళ్లకు పదవి ఇస్తే సర్పంచ్ కుర్చీ మేలా, అసెంబ్లీ సీటు మేలా?

మన దేశంలో ఓటు వేయడానికి 18 ఏళ్లు చాలు. వార్డు మెంబరుగానో సర్పంచ్‌గానో నిలబడాలంటే 21 నిండాలి. ఎమ్మెల్యే, ఎంపీ కావాలంటే 25, రాజ్యసభకూ శాసనమండలికీ 30. చిన్న పదవికి చిన్న వయసు, పెద్ద పదవికి పెద్ద వయసు అన్నమాట, చూడగానే సబబే అనిపిస్తుంది. కానీ ఒక్కో పదవిలో కూర్చున్నవాళ్లు రోజంతా ఏం చేస్తారో చూస్తే ఈ మెట్లు తలకిందులుగా ఉన్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. టీనేజర్లు పదవికి పనికొస్తారా అని గంపగుత్తగా అడిగితే జవాబు రాదు, ఏ పదవికి అని అడిగితేనే వస్తుంది.

ముందు ఈ అంకెల సంగతి. 61వ రాజ్యాంగ సవరణ 1988లో వచ్చి, 1989 నుంచి ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. పోటీ వయసును ఎవరూ ముట్టుకోలేదు. అంటే మొదట్లో ఓటుకూ ఎమ్మెల్యే పోటీకీ మధ్య నాలుగేళ్ల తేడా ఉండేది, ఇప్పుడు అది ఏడేళ్లయింది. 2023 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఒకటి లోక్‌సభకు, అసెంబ్లీలకు కూడా 18కే పోటీ చేయనివ్వాలని సిఫారసు చేసింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలను ఉదాహరణగా చూపించింది. ఎన్నికల కమిషన్ ఒప్పుకోలేదు, 18 ఏళ్లవాళ్లకు ఆ అనుభవం, పరిపక్వత ఉంటాయని అనుకోలేమంది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ మూలన పడింది.

మన ముందున్న దారులు నాలుగు. 25ని అలాగే ఉంచడం, అన్నిటికీ 21 చేయడం, అన్నిటికీ 18 చేయడం, లేదా పదవిని బట్టి వయసు పెట్టడం. నా ఓటు నాలుగోదానికి, అదీ ఇప్పుడున్నదానికి పూర్తి వ్యతిరేక దిశలో: సభలో ఒక సీటుకి 18, ఒంటరిగా సంతకం పెట్టే కుర్చీకి అంతకన్నా ఎక్కువ.

సభల్లో టీనేజర్లు ఎలా నెగ్గుకొచ్చారో చూడండి. జర్మనీలో ఆనా లూర్‌మాన్ 2002లో 19 ఏళ్లకే గ్రీన్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికైంది, అప్పట్లో ప్రపంచంలోనే అతి చిన్న ఎంపీ. 2009 దాకా ఉంది, బయటికొచ్చి డాక్టరేట్ చేసింది, ప్రజాస్వామ్యం మీద పరిశోధన చేసే సంస్థలో పనిచేసింది, 2021లో మళ్లీ గెలిచి విదేశాంగ శాఖలో యూరప్ వ్యవహారాలు చూసే సహాయమంత్రి అయింది. పంతొమ్మిదేళ్లకే అక్కడ కూర్చోబెట్టినందుకు ఆ దేశం నష్టపోయిందని ఎలా అంటాం?

కెనడా కథ ఇంకా బాగుంటుంది. 2011లో క్విబెక్ రాష్ట్రంలో ఎన్‌డీపీ అనే పార్టీ గాలి వీచినప్పుడు షెర్‌బ్రూక్ నుంచి పియర్ లుక్ డ్యూసో అనే విద్యార్థి, ఇరవయ్యో పుట్టినరోజు ఇంకా రాకముందే, అప్పటిదాకా ఎంపీగా ఉన్నాయన్ని ఓడించాడు. గాలిలో కొట్టుకొచ్చినవాడు ఏం చేస్తాడులే అనుకోవడం సహజం. ఆ కుర్రాడే తర్వాత సమాచార హక్కు, గోప్యత, నైతిక నియమాలు చూసే పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడయ్యాడు, 2015లో తన పార్టీ దేశమంతా చిత్తుగా ఓడిన ఎన్నికలో కూడా తన సీటు నిలబెట్టుకున్నాడు. ఓడింది 2019లో. అంటే రెండోసారి గాలి లేకుండానే గెలిచాడు, నాకు ముఖ్యమనిపించేది అదే.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్ర సభకు సైరా బ్లెయిర్ 2014లో 18 ఏళ్లకు ఎన్నికైంది. అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీ లోపల జరిగే ప్రైమరీ ఎన్నికలో సిట్టింగ్ సభ్యుణ్ణి ఓడించేనాటికి ఆమెకు పదిహేడే. అక్కడి సభ ఏడాదిలో దాదాపు 60 రోజులే కూర్చుంటుంది కాబట్టి ఒక సెమిస్టర్ వదులుకుని మిగతా కాలం చదువుకోవచ్చు. వాళ్ల నాన్న అదే రాష్ట్రంలో సెనేటర్, ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

వీళ్లంతా మేధావులని నేను అనడం లేదు. సభ్యుడి పని ఎలాంటిదంటే, బిల్లు ముందే చేతికొస్తుంది, చదవడానికి టైమ్ ఉంటుంది, కమిటీలో అధికారుల్ని పిలిచి అడగొచ్చు, పక్కన పాతికేళ్ల అనుభవం ఉన్న సభ్యులుంటారు, చివరికి ఓటు వేసేటప్పుడు తెలంగాణలో అయితే 119 మందిలో ఒకరు, ఆంధ్రలో 175 మందిలో ఒకరు. ఒక్కరి తొందరపాటు రాష్ట్రాన్ని ముంచదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్, ఆయన సహచరులు 11 దేశాల్లో 5 వేల మందికి పైగా పిల్లల్ని, యువకుల్ని పరిశీలించి 2019లో చెప్పింది కూడా దీనికి సరిపోతుంది. నింపాదిగా ఆలోచించి తేల్చే శక్తి పదహారేళ్లకల్లా పెద్దవాళ్లతో సమానంగా వచ్చేస్తుంది, కోపం, ఒత్తిడి, చుట్టూ జనం ఉన్నప్పుడు తమను తాము అదుపులో పెట్టుకోవడం మాత్రం పద్దెనిమిది దాటాక కూడా పెరుగుతూనే ఉంటుంది. మొదటిది సభలో కావాల్సింది. రెండోది ఎక్కడ కావాలో ఏ పల్లెటూరివాళ్లనడిగినా చెప్తారు.

ఇప్పుడు సర్పంచ్ పని చూడండి. పొద్దున్నే మోటారు కాలిపోయి నీళ్లు రాలేదని ఫోన్లు. పదింటికి పంచాయతీ కార్యదర్శితో బిల్లుల పంచాయితీ. మధ్యాహ్నం మండలాఫీసు. సాయంత్రం రెండిళ్ల మధ్య హద్దు గొడవ, ఇద్దరూ మనకు ఓటేసినవాళ్లే, ఒకరు బంధువు. రాత్రి పదకొండింటికి ఎవరో తాగి ఎవరినో కొట్టారని తలుపు తడతారు, పోలీస్ స్టేషన్‌కి రమ్మంటారు. వీటిలో ఏదీ రేపు చదివి చెప్తానంటే కుదిరేది కాదు. పైగా చెక్ మీద సంతకం. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంది, కలెక్టర్‌కి సర్పంచ్‌ని సస్పెండ్ చేసే అధికారమూ ఇచ్చింది. ఎమ్మెల్యేని కలెక్టర్ సస్పెండ్ చేయలేడు కదా. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం ముగిశాక చేసిన పనుల బిల్లులు రాలేదని తెలంగాణ మాజీ సర్పంచులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. అప్పు తెచ్చి సీసీ రోడ్డు వేయించి, వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టించి, వడ్డీ కట్టుకుంటూ కూర్చున్న నలభై ఏళ్ల మనుషులే అల్లాడిపోయారు. ఆ స్థానంలో ఇంటర్ అయిపోయి ఏడాది కూడా కాని పిల్లనో పిల్లాడినో పెట్టి ఊహించుకుంటే నాకు భయమేస్తుంది, వాళ్ల తెలివి మీద అనుమానంతో కాదు, ఆ అప్పు ఎవరి పేరున ఉంటుందో తెలుసు కాబట్టి.

చిన్న ఊళ్లకు టీనేజ్ మేయర్లు అయినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని హిల్స్‌డేల్‌కి 2005లో మైకేల్ సెషన్స్ హైస్కూల్లో చదువుతూనే మేయరయ్యాడు, 18 నిండేసరికి బ్యాలెట్‌లో పేరు పెట్టించుకునే గడువు దాటిపోతే ఓటర్లు అతని పేరు చేత్తో రాసి గెలిపించారు. అయితే ఆ ఊరి రోజువారీ పాలన జీతం తీసుకునే సిటీ మేనేజర్ చూసుకుంటాడు, మేయర్ పనంతా కౌన్సిల్ సమావేశాల చుట్టూనే. 2022 డిసెంబర్‌లో ఆర్కన్సాలో ఎర్ల్ అనే రెండు వేల జనాభా కూడా లేని ఊరికి జేలెన్ స్మిత్ 18 ఏళ్లకే మేయరయ్యాడు, అప్పటికి ఊళ్లో కిరాణా సూపర్‌మార్కెట్ కూడా లేదు, దాన్ని తెప్పిస్తానని మాటిచ్చాడు. అతని ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ హిల్స్‌డేల్ లాంటి ఏర్పాటు ఉంటేనే ఆ వయసువాళ్లను అక్కడ కూర్చోబెట్టడం న్యాయమని నా ఉద్దేశం.

కేరళ సంగతి కూడా ఇలాగే అర్థమవుతుంది. 2020 డిసెంబర్‌లో ఆర్య రాజేంద్రన్ 21 ఏళ్లకు తిరువనంతపురం మేయరైంది, అదే ఎన్నికల్లో రేష్మా మరియం రాయ్ నామినేషన్ల గడువుకు ఒక్క రోజు ముందు 21 నిండి, పోటీ చేసి గెలిచి, పంచాయతీ అధ్యక్షురాలైంది. ఇద్దరూ నేరుగా ఆ కుర్చీకి పోటీ చేయలేదు, ముందు సభ్యులుగా గెలిచారు, తర్వాత తోటి సభ్యులు ఎన్నుకున్నారు. వెనక పార్టీ ఉంది, నిర్ణయాలు పదిమందీ కలిసి తీసుకునే పద్ధతి ఉంది. మన దగ్గర సర్పంచ్‌ని ఊరు నేరుగా ఎన్నుకుంటుంది, గెలిచినా మాట పడినా ఒక్కరే. అందుకే వార్డు మెంబరు పదవిని 18కి తేవడానికి నేను వెంటనే ఒప్పుకుంటాను, సర్పంచ్‌కి 21 ఉండాల్సిందే, ఇంకో రెండేళ్లు పెంచినా అభ్యంతరం చెప్పను.

అసెంబ్లీకి 18 అంటే వచ్చే అసలు ప్రమాదం వేరే ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం తప్పు. సైరా బ్లెయిర్ వాళ్ల నాన్న సెనేటర్ అన్నాను కదా. మన దగ్గర ఒక అసెంబ్లీ ఎన్నికకు ఎంత డబ్బు కావాలో అందరికీ తెలుసు, 18 ఏళ్లవాళ్ల దగ్గర సొంత డబ్బుండదు, కాబట్టి టికెట్ వచ్చేది ఎవరికంటే ఇంట్లో ఇప్పటికే నాయకుడున్నవాళ్లకి. మహిళా రిజర్వేషన్ ఉన్న చోట భర్తలు పెత్తనం చేయడం చూశాం, రేపు కొడుకు పేరున తండ్రి చేస్తాడు. పైగా పార్టీ ఫిరాయింపుల్ని అడ్డుకునే రాజ్యాంగ పదో షెడ్యూల్ ఉంది, విప్ జారీ అయితే ఎమ్మెల్యే పార్టీ చెప్పినట్టే ఓటేయాలి, కాదంటే సభ్యత్వం పోతుంది. ఇది నాకు నిజంగా బెంగ కలిగించే విషయం, వయసు తగ్గిస్తే చెయ్యెత్తే బొమ్మలే పెరుగుతారేమో అని.

అయినా ఈ జబ్బు పాతికేళ్ల నిబంధనతో ఏమైనా తగ్గిందా? వారసులు పాతికకీ వస్తున్నారు, ముప్ఫైకీ వస్తున్నారు. ఆగిపోతున్నది ఇంటిపేరు బలం లేని వాళ్లే, ఎందుకంటే వాళ్లకు ఇరవైల మొదట్లోనే ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తుంది, రాజకీయం కోసం పాతికేళ్లొచ్చేదాకా ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు. ఓటర్లకైతే వయసు అడ్డు కాదు. అరకు లోక్‌సభ స్థానం నుంచి గొడ్డేటి మాధవి 2019లో ఇంకా ముప్ఫై రాకుండానే, టీచర్ ఉద్యోగం నుంచి వచ్చి, కేంద్రమంత్రిగా చేసిన కిశోర్ చంద్రదేవ్‌ని ఓడించింది. 2023లో పాలకుర్తిలో 26 ఏళ్ల యశస్విని రెడ్డి మొదటిసారి పోటీలోనే ఎర్రబెల్లి దయాకర్‌రావుని 40 వేలకు పైగా ఓట్లతో ఓడించింది. అక్కడ మొదట ఆమె అత్తగారు పోటీ చేయాలనుకున్నారు, పౌరసత్వం చిక్కు వల్ల కోడలు నిలబడింది. ఓటర్లు వయసు చూసి వెనక్కి తగ్గలేదు. ఇంకా వెనక్కి వెళ్తే 1978లో చంద్రగిరి నుంచి చంద్రబాబు, పులివెందుల నుంచి రాజశేఖరరెడ్డి అసెంబ్లీకి వచ్చినప్పుడు ఇద్దరికీ ముప్ఫై రాలేదు.

ఈ చర్చలో తెలుగువాళ్లం తప్పక తలుచుకోవాల్సిన మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1949లో రాజ్యాంగ సభలో ఎగువ సభకు కనీస వయసు 35 అని ప్రతిపాదన వస్తే, దాన్ని 30కి తగ్గించాలని సవరణ పెట్టి ఒప్పించింది ఆవిడే. ఆవిడ ఆ మాట అనడంలో నాకు ఆశ్చర్యం లేదు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపిన వాలంటీర్ ఆవిడ, అప్పటికి పద్నాలుగేళ్లు. నిబంధనను నిబంధనగా చూడటం ఆ వయసులో వచ్చినంత గట్టిగా పెద్దయ్యాక కొందరికి రాదు.

నేను 18 అంటున్నది ఏ శిక్షణా లేకుండా నేరుగా అసెంబ్లీకి పంపమని కాదు. జర్మనీలో, బ్రిటన్‌లో పార్టీల యువజన విభాగాల్లో పిల్లలు పదిహేనేళ్లకే చేరతారు, తీర్మానం రాయడం, ఓడిపోవడం, ఓడించినవాళ్లతో మర్నాడు కలిసి పనిచేయడం అక్కడ నేర్చుకుంటారు. మన దగ్గర అది నేర్పే చోటు కాలేజీ. వెంకయ్యనాయుడు ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి సంఘం అధ్యక్షుడిగా పైకొచ్చారు, జైపాల్‌రెడ్డి ఉస్మానియా నుంచి వచ్చారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా జరగడం లేదు. పరిపక్వత లేదని పిల్లల్ని అంటూ, అది వచ్చే దారిని మనమే మూసేశాం.

కాబట్టి నన్నడిగితే క్రమం ఇదీ. కాలేజీ ఎన్నికలు వెంటనే తెరవాలి, హింస జరిగితే దానికి చట్టం ఉంది, విద్యార్థి సంఘాల ఎన్నికల కోసం వేసిన లింగ్డో కమిటీ 2006లోనే ఖర్చుకూ వయసుకూ హద్దులు చెప్పింది. తర్వాత వార్డు మెంబరు, ఎంపీటీసీ, కౌన్సిలర్ పదవులు 18కి. ఆ అనుభవం చూశాక అసెంబ్లీ, లోక్‌సభ. సర్పంచ్‌నీ నేరుగా ఎన్నికయ్యే మేయర్లనీ ఆఖర్న చూసుకోవచ్చు. రెండో మెట్టు నుంచి అన్నిటికీ రాజ్యాంగం మార్చాలి, ఢిల్లీ కదలాలి. మొదటిదానికి అమరావతి, హైదరాబాద్ చాలు, వచ్చే విద్యాసంవత్సరమే పెట్టొచ్చు.