కోడ్ రాయకముందే వారం రోజులు కూర్చోబెట్టారు

రాణిగంజ్‌లో మాది పైపులు, ఫిట్టింగుల దుకాణం. బిల్లులన్నీ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే. వెబ్‌సైట్ ఆర్డర్లు నేరుగా అందులో పడాలని పోయినేడు ఒకరికి పని అప్పజెప్పాం. వాళ్లు ఏమీ అడగలేదు, రెండు నెలలు రాశారు, చివరికి అంతా పారేశాం. ఈసారి మాదాపూర్ సాఫ్ట్‌వేర్ టీం వాళ్లు ‘ముందు ప్లానింగ్‌కే విడిగా ఫీజు’ అనేసరికి ఒళ్లు మండింది. కాగితాలకు డబ్బులేంటి?

వచ్చిన అమ్మాయి లాప్‌టాప్ తియ్యనే లేదు. మా గుమాస్తా పక్కన స్టూలేసుకుని రెండు రోజులు బిల్లులు కొట్టడం చూసింది. పైపు మలుపులో వేసే ఎల్బోనే తీసుకోండి: టాలీలో ‘అర అంగుళం ఎల్బో’, సైట్‌లో ‘15 ఎంఎం ఎల్బో’. రెండూ ఒకటేనని మాకు తెలుసు, కంప్యూటర్‌కెలా తెలుస్తుంది? పైగా మా లెక్క పెట్టెల్లో, సైట్‌లో కొనేవాళ్లది పీసుల్లో.

"రాత్రి కంప్యూటర్ ఆపేస్తారా సార్?" అనడిగింది. ఆపకపోతే కరెంటు బిల్లు ఎవరు కడతారమ్మా అన్నాను. టాలీ తెరిచి ఉంటేనే 9000 పోర్టులో, అంటే ప్రోగ్రాంలు మాట్లాడుకునే ఆ నంబరు ద్వారంలో, బయటి ప్రోగ్రాంకు జవాబిస్తుందట. అందుకని రాత్రి ఆర్డర్లు వరుసలో ఆగి, పొద్దున షట్టర్ ఎత్తాక ఎక్కాలి. అదే ఆర్డర్ రెండోసారి వచ్చినా రెండో బిల్లు పడకూడదని కూడా రాసుకుంది.

వంక పెట్టాలంటే, ఆ 14 పేజీల పత్రం మొత్తం ఇంగ్లీషే. గుమాస్తాకు నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. పాత ఐటమ్ పేర్లు సరిచేసే పనీ మా నెత్తినే పడింది, ఇంకా 600 మిగిలాయి. కోడింగ్ సోమవారం మొదలు.