మూడేళ్ల తర్వాత నా అడ్జస్టబుల్ గోల్ఫ్ డ్రైవర్

డ్రైవర్ అంటే గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, నాది రెంచ్‌తో సెట్టింగ్ మార్చుకునే రకం. మొదటి నెలలో బంతులు కొట్టిన దానికంటే రెంచ్ తిప్పిందే ఎక్కువ. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఆదివారం జట్టు నలుగురమూ తెలుగువాళ్లమే. నేను టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరికి రాగానే "అన్నా, ఈ వారం ఏ నంబర్ మీదున్నావ్?" అని మొదలుపెట్టేవారు. ఇప్పుడా రెంచ్ కావాలంటే కారు డిక్కీలో వెతుక్కోవాలి.

నాది 460 సీసీ హెడ్, లాఫ్ట్ (బంతికి తగిలే ఫేస్ వెనక్కి వాలిన కోణం) 10.5 డిగ్రీలు. హెడ్, షాఫ్ట్ (కర్ర) కలిసే మెడ దగ్గరి స్లీవ్ (తొడుగు) తిప్పితే లాఫ్ట్ ఒకటిన్నర డిగ్రీల దాకా పెరుగుతుంది, అంతే తగ్గుతుంది. వెనకున్న బరువును హీల్ (మెడ ఉన్న కొస) వైపో, మధ్యలోనో, టో (అవతలి కొస) వైపో బిగించుకోవచ్చు. నా స్వింగ్ స్పీడ్ గంటకు 88 మైళ్లు, హ్యాండీక్యాప్ 22 (ఆట స్థాయికి కొలత, ఎంత తక్కువైతే అంత మంచి ఆట). కుడిచేతి వాటం, దాంతోపాటు వదలని స్లైస్, అంటే బంతి కుడికి వంగిపోవడం.

చేసిన మొదటి తప్పు లాఫ్ట్ తగ్గించడం. టీవీలో ఆడేవాళ్లు 9 డిగ్రీలతో కొడుతున్నారు కదా, నేనూ 9కి దించితే బంతి దూరం పోతుందనుకున్నాను. పోయింది, పక్క హోల్ ఫెయిర్‌వేలోకి (గడ్డి దారిలోకి). స్లీవ్‌తో లాఫ్ట్ తగ్గిస్తే, క్లబ్‌ని నేలకి ఆనించినప్పుడు ఫేస్ కుడివైపుకి తెరుచుకుంటుంది. పెంచితే ఎడమకి మూసుకుంటుంది. స్లైస్ కొట్టేవాడికి కావలసింది ఈ రెండోదే. 11.5కి పెంచి, బరువు హీల్ వైపు జరిపాక, ప్రాక్టీస్ రేంజ్‌లో ముప్ఫై గజాలు కుడికి పోయే బంతి పదిహేను గజాలకి దిగింది. దూరం తగ్గుతుందని భయపడ్డాను కానీ, బంతి గాల్లో ఎక్కువసేపు నిలిచి 205 గజాలు కాస్తా 215 అయ్యాయి.

మిగిలిన ఆ పదిహేను గజాల కోసం ఇంకో రెండు నెలలు స్క్రూలతో కుస్తీ పట్టాను. ఆఖరికి పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రే ఫేస్ మీద కొట్టి పది బంతులు ఆడాను. తెల్లటి పొడి మీద పది గుండ్రటి మచ్చలు. ఏడు హీల్ దగ్గరే, ఒకటైతే దాదాపు మెడని తాకింది. హీల్‌కి తగిలిన బంతి కుడికి తిరిగే స్పిన్ పట్టుకుంటుంది. ఆ జబ్బుకి రెంచ్‌లో మందు లేదు. బంతి నుంచి ఒక అంగుళం దూరం జరిగి నిలబడ్డాను, మచ్చలు మధ్యకి వచ్చాయి. ముందే ఆ స్ప్రే కొట్టి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

చిన్న చిరాకులున్నాయి. స్లీవ్ తిప్పినప్పుడల్లా షాఫ్ట్‌తో పాటు గ్రిప్ కూడా తిరిగి, దాని అడుగునున్న గట్టు వేళ్లకి వేరే చోట తగులుతుంది. గట్టు లేని గ్రిప్ వేయించుకున్నాకే కుదిరింది. రెంచ్ "టక్" అనే దాకా బిగించాలి. ఒకసారి హడావుడిలో సగమే బిగించాను, రెండో హోల్‌కల్లా హెడ్ గలగలమంది. ఒక కంపెనీ స్లీవ్ ఇంకో కంపెనీ హెడ్‌కి పట్టదు, పాత షాఫ్ట్ వాడుకుందామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

పద్నాలుగు నెలలుగా సెట్టింగ్ ముట్టుకోలేదు, ఒక్కసారి తప్ప. మార్చిలో ఇక్కడ ఎదురుగాలి చెంప పగలగొడుతుంది. బంతి కిందుగా పోవాలని పొద్దున్నే ఇంట్లో లాఫ్ట్ 10.5కి దించుకుని వెళ్లాను. మూడో హోల్‌లో స్లైస్ మళ్లీ పలకరించింది. రౌండ్ మధ్యలో సెట్టింగ్ మార్చి దాంతో షాట్ కొడితే రూల్స్ ప్రకారం డిస్‌క్వాలిఫై, ఆ రోజు ఆడుతున్నది క్లబ్ టోర్నమెంట్. డ్రైవర్ బ్యాగ్‌లో పెట్టేసి మిగతా పదిహేను హోల్స్ 3 వుడ్‌తో (డ్రైవర్ కంటే కాస్త తక్కువ దూరం కొట్టే క్లబ్) లాగించాను.