సిల్వరాడో 4ఎల్60-ఈ ఫిల్టర్ కిట్ కొంటున్నారా? ఎత్తు చూశాకే బిగించండి

అమెరికాలో పాత షెవర్లే సిల్వరాడో 1500 ఉండి, దాని 4ఎల్60-ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఫిల్టర్ ఇంటి దగ్గరే మార్చుకుందామనుకునే మనవాళ్లకి ఒక మాట. "4ఎల్60-ఈ అన్నిటికీ సరిపోతుంది" అంటూ ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే కిట్ల జోలికి పోకండి. లోతు పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే తట్ట) ఉన్న బండికని తెప్పించిన అలాంటి కిట్‌లో వచ్చినవి పొట్టి ఫిల్టర్, కార్క్ గ్యాస్కెట్. సీలు అసలు లేనే లేదు.

ఈ గేర్‌బాక్స్‌కి పాన్‌లు రెండు రకాలు, ఫిల్టర్లూ రెండు రకాలు. పొడుగు ఫిల్టర్ పొట్టి పాన్‌కి తగులుతుంది, పాన్ కూర్చోదు, పొరపాటు అక్కడే బయటపడుతుంది. పొట్టి ఫిల్టర్‌తోనే అసలు గొడవ. లోతు పాన్‌లో అది హాయిగా బిగుస్తుంది, కానీ అడుగున ఉన్న ఆయిల్‌కి అందదు. గట్టిగా బ్రేకు కొట్టినా, ఎత్తు ఎక్కినా ఆయిల్ ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది. ప్రెషర్ పడిపోయి క్లచ్‌లు జారతాయి. ఈ గేర్‌బాక్స్‌లో బలహీనమైనది 3-4 క్లచ్, అంటే మూడు, నాలుగు గేర్లని పట్టేది. అది కాలితే మూడో గేరు పడాల్సిన చోట ఇంజన్ ఊరికే రేజ్ అవుతుంది, బండి మాత్రం లాగదు.

ఫిల్టర్ గొట్టం దూరే సీలు పంపులోనే ఉండిపోతుంది. బాగుంటే దాన్ని కదపకండి. కొత్తది వేయాలంటే పాతది తీయాల్సిందే, దాని మీదే ఇంకోటి దిగ్గొట్టకూడదు. తీసేటప్పుడు సీలు అంచుని లోపలికి మడిచి లాగండి. స్క్రూడ్రైవర్ అల్యూమినియానికి గీసుకుందంటే ఆ గీతలోంచే గాలి దూరుతుంది.

కంపెనీ గ్యాస్కెట్ రేకు మీద రబ్బరు అంటించినది. చిరగకపోతే మళ్లీ వాడొచ్చు, కిట్‌లో వచ్చే కార్క్ కన్నా అదే నయం. కార్క్ బిగించేకొద్దీ బయటికి పిండుకొస్తుంది. కారుతోంది కదా అని ఇంకా బిగిస్తే పాన్ అంచు వంగుతుంది. 16 బోల్టులకీ 97 ఇంచ్-పౌండ్లు చాలు, అంటే 8 ఫుట్-పౌండ్లు. ఫుట్-పౌండ్ల రెంచ్ మీద 97 పెట్టారో, కేసులో మరలు ఊడొస్తాయి.

పాన్ దింపితే సుమారు 5 క్వార్ట్‌లే వస్తుంది, మిగతాది చాలావరకు టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే భాగం) ఉండిపోతుంది. డెక్స్‌రాన్-6 గేర్‌బాక్స్ ఆయిల్ ముందు 4 క్వార్ట్‌లు పోసి, ఇంజన్ ఆన్ చేసి, బ్రేకు తొక్కిపట్టి అన్ని గేర్లూ ఒకసారి వేయండి. తర్వాత పార్క్‌లో, ఇంజన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. చివరి లెక్క ఆయిల్ వేడెక్కాకే. లెవెల్ సరిగ్గా ఉన్నా నురగ కనిపిస్తే, డి వేశాక బండి ఆగి కదిలితే, బండి నడపడం ఆపేసి పాన్ మళ్లీ దింపండి.

కొత్త ఫిల్టర్ కవరు చించకుండానే పాతదాని పక్కన పెట్టి ఎత్తు పోల్చండి. ఆయిల్ తగిలిన వస్తువు వెనక్కి తీసుకోనని ఆ కిట్ అమ్మకందారు మొండికేశాడు.