పగిలిన కప్పుకు బంగారు అతుకు: ఉరుషి మేలా, ఎపాక్సీ మేలా?

జపాన్‌లో పగిలిన పింగాణీని అతికి, ఆ అతుకు మీద బంగారు పొడి అద్దే పని కింట్సుగి. గాయపడిన మనసు కోలుకోవడాన్ని కూడా ఇప్పుడు ఈ మాటతోనే చెబుతున్నారు. ఆ రెండో అర్థం నచ్చే చాలామంది ఆన్‌లైన్‌లో కిట్ కొంటుంటారు. కొనేముందు ఒకటి తేల్చుకోండి: అతికాక ఆ కప్పులో టీ తాగుతారా, షోకేసులో పెడతారా?

తాగేటట్లయితే ఉరుషే. ఇది మన లక్క కాదు, చెట్టుకు గాటు పెట్టి తీసే పాలు. గోధుమపిండి కలిపితే జిగురవుతుంది, మెత్తటి మట్టిపొడి కలిపితే పెచ్చు ఊడిన చోట నింపడానికి పనికొస్తుంది. ఎండలో పెడితే గట్టిపడదు. 70-85 శాతం తేమ ఉన్న పెట్టెలో ఉంచాలి. గట్టిపడ్డాక నునుపుగా రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ పెట్టెలో పెట్టాలి. ఇలా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. బంగారం పని చివర్లోనే. బాధలో ఉన్నవాళ్లకు కింట్సుగి పేరు చెప్పి ధైర్యం చెప్పేవాళ్లు ఈ నెలల సంగతి కూడా చెప్పాలి.

పూర్తిగా గట్టిపడ్డ ఉరుషికి వేడి భయం లేదు. జపాన్‌లో మిసో సూప్ తాగే చెక్క గిన్నెలకు తరతరాలుగా వేస్తున్న పూత ఇదే. పచ్చిగా ఉన్నప్పుడే జాగ్రత్త. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో మన ఊళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. ఉరుషి చెట్టుదీ అదే కుటుంబం. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

ఎపాక్సీ అంటే రెండు భాగాలు కలిపి వాడే రసాయన జిగురు. దానితో ఒకటి రెండు రోజుల్లో పని అయిపోతుంది. చవక కిట్లలో సాధారణంగా బంగారం ఉండదు, ఇత్తడి పొడో మైకా పొడో ఉంటుంది. మరిగే టీ పోస్తే మెత్తబడే రకాలు చాలానే ఉన్నాయి. పూలకుండీకి, బొమ్మకు మాత్రం ఇది చాలు. దానికోసం మూడు నెలలు ఆగక్కర్లేదు.

పూర్వం లోహపు కుట్లు కూడా వేసేవారు. టోక్యో జాతీయ మ్యూజియంలో బకోహన్ అనే చైనా గిన్నె ఉంది. 15వ శతాబ్దంలో జపాన్‌ను ఏలిన షోగన్ (సైనిక పాలకుడు) ఆషికాగా యోషిమాసా దగ్గర అది బీటలు వారితే, అలాంటిదే ఇంకొకటి కావాలని చైనాకు పంపాడట. అంత మంచిది ఇక దొరకదని వాళ్లు దానికే కుట్లు వేసి తిప్పి పంపారని చెబుతారు. లేత ఆకుపచ్చ మీద ముదురు కుట్లు దాచకుండా కనిపిస్తాయి. నాకు బంగారు గీతకన్నా అవే అందంగా ఉంటాయి. కానీ ఆ పని ఇంట్లో చేసేది కాదు.

దేనితో అతికినా, లోహపు పొడి అద్దిన కప్పును మైక్రోవేవ్‌లో పెట్టకండి.